అధినీతిశాస్త్రం: ఆవిర్భావం, పరిణామం (1903–1965)

వ్యాససంగ్రహం:
నీతివాక్యాల స్వభావాన్ని పరిశీలించే అధినీతిశాస్త్రం 20వ శతాబ్దిలో, ప్రధానంగా ఇంగ్లండులో, ప్రత్యేకశాఖగా రూపొందింది. మూర్ మొదలుకొని ఫుట్, గీచ్‌ల వరకు సాగిన చర్చను, దానిపై రెండవ ప్రపంచయుద్ధం చూపిన ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అధినీతిశాస్త్రం, ప్రకృతివాదం, భావోద్వేగవాదం, ఆదేశవాదం.

1. ఉపోద్ఘాతం:
‘అబద్ధమాడవచ్చునా?’ అన్నది నీతిశాస్త్రప్రశ్న. ‘అబద్ధమాడటం తప్పు’ అనే వాక్యానికి అర్థమేమిటి, అది సత్యమో అసత్యమో కాగలదా, కాగలిగితే దానిని తెలుసుకొనే ప్రమాణమేది అన్నవి అధినీతిశాస్త్రప్రశ్నలు. మొదటిది ఆచరణను నిర్ణయిస్తుంది. రెండవవి ఆ నిర్ణయానికి గల ఆధారాన్ని విచారిస్తాయి. ‘ఉన్నది’ అనే వాక్యాల నుండి ‘ఉండవలసినది’ ఎలా సిద్ధిస్తుందన్న ప్రశ్నను డేవిడ్ హ్యూమ్ 1740లోనే లేవనెత్తాడు. అయినా ఈ విచారణకు ప్రత్యేకస్థానం లభించింది 20వ శతాబ్దిలోనే.

2. మూర్ – వివృతప్రశ్న:
జి.ఇ. మూర్ 1903లో ‘ప్రిన్సిపియా ఎథికా’ను ప్రకటించాడు. ‘మంచి’ అంటే ‘సుఖకరమైనది’ అని నిర్వచించామనుకుందాం. అప్పటికీ ‘సుఖకరమైన ఈ పని మంచిదేనా?’ అన్న ప్రశ్న సార్థకంగానే మిగులుతుంది. రెండు పదాల అర్థం ఒక్కటే అయితే ఆ ప్రశ్నకు తావుండకూడదు. కనుక ‘మంచి’ నిర్వచనానికి లొంగని, ప్రకృతిసిద్ధం కాని గుణమని, అది అంతర్బోధకు మాత్రమే గోచరిస్తుందని మూర్ నిర్ణయించాడు.

ఈ వాదం నిరూపించవలసినదానినే ముందుగా అంగీకరిస్తున్నదని ఫ్రాంకెనా 1939లో విమర్శించాడు. అర్థభేదం వస్తుభేదాన్ని నిరూపించదన్న ఆక్షేపణ కూడా తరువాత బలపడింది. ‘నీరు’ అన్న మాటకూ దాని రసాయనసూత్రానికీ అర్థం వేరైనా వస్తువు ఒక్కటే కదా!

3. ఏయర్, స్టీవెన్‌సన్ – భావోద్వేగవాదం:
తార్కిక ప్రత్యక్షవాదాన్ని అనుసరించిన ఎ.జె. ఏయర్ 1936లో మూర్ చెప్పిన అంతర్బోధను తిరస్కరించాడు. ఇద్దరి అంతర్బోధలు విభేదిస్తే తీర్పు చెప్పే పరీక్ష ఏదీ లేదన్నది అతని ఆక్షేపణ. ‘నిర్దోషిని శిక్షించారు’ అన్నది పరీక్షకు నిలిచే వాక్యం. ‘అలా శిక్షించడం అన్యాయం’ అన్నప్పుడు చేరేది వక్త నిరసనే తప్ప కొత్త విషయం కాదు. స్టీవెన్‌సన్ 1944లో ఈ వాదాన్ని సవరించి, విశ్వాసభేదాన్నీ వైఖరిభేదాన్నీ వేరుచేసి చూపాడు.

4. యుద్ధానంతరచర్చ:
1945లో వెలుగుచూసిన నాజీ శిబిరాల ఛాయాచిత్రాలు ఫిలిప్పా ఫుట్‌ను ఈ వాదానికి విముఖురాలిని చేశాయి. భావోద్వేగవాది నాజీని ఖండించలేడని కాదు, ఖండిస్తాడు. అయితే ఆ ఖండన వైఖరిని దాటి సత్యమని చెప్పుకొనే ఆధారం అతనికి లేదు. ఫుట్‌ను కలవరపెట్టింది ఇదే.

1942లో సింగపూర్ పతనంతో జపాను సైన్యానికి బందీగా చిక్కి, బర్మా రైలుమార్గ నిర్మాణంలో పనిచేసిన ఆర్.ఎం. హేర్ వేరొక మార్గం పట్టాడు. 1952లో వెలువడిన అతని గ్రంథం ప్రకారం నీతివాక్యం సార్వత్రికమైన ఆదేశం. ఇతరులకు విధించినదానిని అదే స్థితిలో తనకూ విధించుకోవాలి. మరి ‘నేను యూదుడినైతే నన్నూ చంపండి’ అనే మతోన్మాదసదృశుడైన నాజీ మాటేమిటి? అటువంటివానిని తర్కం ఓడించలేదని హేర్ 1963లో అంగీకరించాడు.

ఫుట్ 1958లోనే దీనికి భిన్నమైన సమాధానమిచ్చింది. ఏ చర్యనైనా ఇష్టానుసారం ‘మంచి’ అనడం కుదరదు, మానవుల హితాహితాలతో సంబంధం ఆ పదార్థంలోనే ఉంది. 1965లో పీటర్ గీచ్ తర్కం వైపు నుండి మరొక దెబ్బ తీశాడు. ‘దొంగతనం తప్పయితే, దొంగకు సహకరించడమూ తప్పే’ అనేవాడు దొంగతనాన్ని ఇంకా నిరసించలేదు. అయినా ఈ వాక్యం నుండి తార్కికనిర్ణయం సాధ్యమవుతున్నది. నీతిపదం నిరసన మాత్రమే అయితే ఇది ఎలా పొసగుతుంది?

5. ముగింపు:
అధినీతిశాస్త్రం పదార్థచర్చ మాత్రమేనన్న అభిప్రాయం విద్యార్థులలో తరచు కలుగుతుంది. పై చరిత్ర అందుకు భిన్నమైన విషయాన్ని స్పష్టం చేస్తున్నది. ‘తప్పు’ అన్న మాటకు అర్థం వెదకడమంటే, దారుణం జరిగినప్పుడు మానవుడు పలికే ఖండనకు ఉన్న బలమెంతో తేల్చడమే. ఫుట్ కలవరం దానంతట అది వాదం కాదు. దానిని వాదంగా మలచడానికి ఆమెకు పదమూడేళ్లు పట్టింది. ఆ మలచిన తీరే అధ్యయనం చేయదగినది.