పొగకు పరిమితి, తగ్గింపునకు ధర: సూరత్ ఉద్గారాల మార్కెట్

సూరత్: పరిశ్రమలను మూసివేయకుండానే వాటి పొగను తగ్గించవచ్చునా? ఈ ప్రశ్నకు గుజరాత్‌లోని సూరత్ 2019లో ఒక ప్రయోగం ద్వారా సమాధానం వెదికింది. ధూళి కణాల కాలుష్యానికి సంబంధించి ప్రపంచంలోనే తొలి ఉద్గారాల వాణిజ్య విధానం ఇక్కడ ప్రారంభమైంది. గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి దీనిని అమలులోకి తెచ్చింది.

నేపథ్యం

తపతీ నదీతీరంలోని సూరత్‌కు వజ్రాల సాన, కృత్రిమ నూలు వస్త్రాల తయారీ ప్రధాన ఆధారాలు. పాండేసరా, సచిన్ వంటి పారిశ్రామిక ప్రాంతాలలోని అద్దకపు మిల్లులకు ఆవిరి నిరంతరం అవసరం. అందుకోసం బాయిలర్లలో బొగ్గు, లిగ్నైట్ మండిస్తారు. ఆ పొగలోని సూక్ష్మ ధూళి శ్వాసకోశానికి, గుండెకు హాని చేస్తుంది.

ఈ నగరంతో తెలుగువారికి గట్టి అనుబంధం ఉంది. తెలంగాణ నుంచి వలస వెళ్లిన చేనేత కుటుంబాలు అనేకం ఇక్కడి వస్త్ర పరిశ్రమలో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతోంది. మిల్లు మూతపడితే ఉపాధి కోల్పోయేదీ, పొగ పెరిగితే అనారోగ్యం పాలయ్యేదీ ఇటువంటి కార్మిక కుటుంబాలే.

1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం కింద ప్రతి పొగగొట్టానికీ ఒక ప్రమాణం ఉంటుంది. అధికారులు అడపాదడపా నమూనాలు సేకరిస్తారు. 2024కు ముందు ఉల్లంఘనకు శిక్ష మూసివేత లేదా క్రిమినల్ కేసుగా ఉండేది. చిన్న తప్పిదానికి అంతటి శిక్ష విధించడం కష్టమయ్యేది. పైగా నగరం మొత్తం మీద ఎంత ధూళి వెలువడుతున్నదో ఈ పద్ధతిలో అదుపు ఉండదు.

విధానం

కొత్త విధానంలో పరిశ్రమలన్నింటికీ కలిపి మొత్తం ఉద్గారాలపై పరిమితి విధించారు. ఆ మేరకు పర్మిట్లు జారీ చేశారు. అధిక భాగం ఉచితంగా కేటాయించి, మిగిలినవి వేలం వేశారు. పొగగొట్టాలకు అమర్చిన పరికరాలు ఉద్గారాలను నిరంతరం కొలిచి, వివరాలను మండలికి పంపుతాయి.

ఉదాహరణకు, ఒక మిల్లు కిలో ధూళిని 20 రూపాయల ఖర్చుతో తగ్గించగలదు, మరొక దానికి 60 రూపాయలు అవుతుందనుకుందాం. మొదటిది అదనంగా తగ్గించి, మిగిలిన పర్మిట్లను రెండవదానికి 40 రూపాయలకు అమ్మితే ఇద్దరికీ లాభమే. మొత్తం పరిమితి మాత్రం మారదు. పర్మిట్ ధరకు కిలోకు 5 రూపాయల కనిష్ఠ, 100 రూపాయల గరిష్ఠ హద్దులు పెట్టారు. పర్మిట్లకు మించి పొగ వదిలితే, ముందుగా చెల్లించిన డిపాజిట్ నుంచి పరిహారం మినహాయిస్తారు.

ఫలితాలు

ఈ ప్రయోగంలో 317 పరిశ్రమలు పాల్గొన్నాయి. వాటిలో సుమారు సగం లాటరీ పద్ధతిలో మార్కెట్‌లోకి వచ్చాయి. మిగిలినవి పాత నిబంధనల కిందే కొనసాగాయి. అర్థశాస్త్రవేత్తలు మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ రయాన్, అనంత్ సుదర్శన్ వీటిని పోల్చి చూశారు. మార్కెట్‌లోని పరిశ్రమల ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తక్కువగా ఉన్నట్లు తేల్చారు. ఒకే స్థాయి ఉద్గారాలకు నియంత్రణ వ్యయం 11 శాతం తగ్గింది. దాదాపు అన్ని పరిశ్రమలూ తమ ఉద్గారాలకు సరిపడా పర్మిట్లు కలిగి ఉన్నాయి.

పరిమితులు

ఈ మార్కెట్ పరిధి పొగగొట్టాల ధూళి వరకే. అద్దకపు మురుగునీరు, వాహనాల పొగ, రహదారి ధూళి దీని కిందికి రావు. పర్మిట్లు కొనుక్కునే మిల్లు పక్కనే నివసించే వారికి ఉపశమనం తక్కువగా అందే అవకాశమూ ఉంది. అన్నింటికీ మించి, కొలత నమ్మదగినదై ఉండాలి. పరికరాలను సరిచూసే యంత్రాంగం బలహీనపడితే పర్మిట్లు కేవలం కాగితాలుగా మిగులుతాయి.

దేశంలో కర్బన ఉద్గారాల వాణిజ్యానికి కేంద్రం 2023లో పథకాన్ని నోటిఫై చేసింది. పటాన్‌చెరు నుంచి విశాఖపట్నం వరకు ఉపాధికీ, ఆరోగ్యానికీ మధ్య నలుగుతున్న తెలుగు పారిశ్రామిక ప్రాంతాలకు సూరత్ అనుభవం చెప్పేది ఒక్కటే: ముందు కచ్చితమైన కొలత, ఆపై మొత్తం మీద పరిమితి, వ్యాపారం ఆ తరువాతే.