చేతికందిన సైన్సు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం దారిలో ఒక చరిత్ర



పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా బీఎస్సీ, బీఈడీ చదివే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చివరిదాకా చదవాలి.

మదనపల్లె అంటే 1919లో టాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన ఊరు అంటారు. పుంగనూరు అంటే పొట్టి ఆవు. కుప్పం అంటే ఎలక్షన్లు. ఈ మూడు ఊళ్ళకూ ఇంకో చరిత్ర కూడా ఉంది. సైన్సును పుస్తకంలో నుంచి బయటికి తీసి పల్లె పిల్లోళ్ళ చేతుల్లో పెట్టిన చరిత్ర. పిట్టల్ని చూపించినోళ్ళు, కార్డులు తయారు చేసినోళ్ళు, వ్యాన్లో సామాను వేసుకుని బడి బడికీ తిరిగినోళ్ళు దాన్ని నడిపినారు. అందులో మనం యాడ ఉండాం, ఇకమీద యాడ ఉండాలి అన్నదే ఈ పోస్టు.

మొదట రిషివ్యాలీ

మదనపల్లెలో 1915లో అనీబెసెంట్ దివ్యజ్ఞాన కళాశాల పెట్టించింది. ఆ ఊళ్ళోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడి, 1920ల్లో దగ్గరలోని కొండల మధ్య రిషివ్యాలీకి భూమి తీసుకున్నారు. ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. ఆ బడి మన పిల్లల కోసం పెట్టింది కాదు. ఫీజు కట్టగలిగిన ఇళ్ళ పిల్లలు దూరదూరం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే బడి. కానీ ఆ లోయలో జరిగిన రెండు పనులు గేటు దాటి బయటికొచ్చినాయి.

ఒకటి పిట్టల పని. ఎస్. రంగస్వామి అనే ప్రకృతి పరిశీలకుడు ఆ లోయలోని పిట్టల్ని ఏళ్ళ తరబడి చూసి రాసి పెట్టినాడు. 1991లో లోయను పక్షుల రక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. 1993లో ఆయన, ఎస్. శ్రీధర్ కలిసి రిషివ్యాలీ పిట్టల గురించి, వాటి తావులు మళ్ళీ బతకడం గురించి పుస్తకం తెచ్చినారు. ఒకప్పుడు బోడిగా ఉన్న కొండల మీద పొద, చెట్టు తిరిగొస్తే పిట్ట దానంతట అదే వస్తుందని చూపించినారు. దక్షిణ భారతంలోని రాతి గుట్టల్లో తప్ప ఇంకెక్కడా బతకని పసుపు గొంతు పిగిలిపిట్ట ఇక్కడ ఉంది. దాన్ని చూడ్డానికి ల్యాబ్ అక్కర్లేదు. పొద్దున్నే లేచే అలవాటు, కదలకుండా కూర్చునే ఓపిక, ఒక నోటు పుస్తకం చాలు.

రెండోది పల్లెబడుల పని. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు 1980ల చివరి నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరు నడిపే చిన్న బడులు పెట్టినారు. ఒక టీచరు, ఐదు తరగతులు. ఎట్లా చెప్పాల? పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక కార్డు చేసి, దాని మీద గుర్తుగా ఒక బొమ్మ వేసినారు. గోడ మీద నిచ్చెన పటం. తను ఏ మెట్టు మీద ఉందో ఆ బిడ్డే చూసుకుని, తన కార్డు తనే తీసుకుంటుంది. పిల్లలే అంగళ్ళు పెట్టి తూకాలు, కొలతలు నేర్చుకునే మెట్రిక్ మేళాలు కూడా జరిపినారు.

ఈ నిచ్చెన విలువ మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అమ్మానాయనలు ఇటుక బట్టీకో, కోత పనికో పోతే బిడ్డ కూడా వెంట పోతుంది. మూడు నెలల తర్వాత వస్తే క్లాసు ముందుకు పోయుంటుంది. బిడ్డ వెనక బెంచీకి, ఆ తర్వాత బయటికి. నిచ్చెన పద్ధతిలో అట్లా కాదు. ఏ మెట్టు దగ్గర ఆపిందో ఆ మెట్టు నుంచే ఎక్కుతుంది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో మొదలైన 'నలి-కలి' దీన్ని చూసి నేర్చుకున్నదే. అది జేను కురుబ గిరిజనులు ఉండే తాలూకా అని గుర్తు పెట్టుకోండి.

పుంగనూరు ఆవు చెప్పే పాఠం

మదనపల్లె నుంచి కుప్పం పోవాలంటే పుంగనూరు దారిలోనే తగులుతుంది. ఆ ఊరి ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. మేత తక్కువ, పాలల్లో వెన్న ఎక్కువ. కరువు సీమలో బతకగలిగిన పశువు. దాన్ని తయారు చేసింది ఏ ల్యాబూ కాదు. ఏ దూడను ఉంచుకోవాల, ఏ కోడెతో దాటించాల అని తరాల తరబడి చూసి, ఎంచి, నిలబెట్టిన పశువుల కాపర్లు, రైతులు. పలమనేరు పరిశోధనా కేంద్రం ఆ జాతిని కాపాడే పని చేపట్టింది ఆ తర్వాతే. సైన్సు మన సీమకు వ్యాన్లో ఎక్కి కొత్తగా రాలేదు. అంతకు ముందే ఉంది, పేరు మాత్రం పెట్టలేదు.

కుప్పం: కొండ కింద ల్యాబు

కుప్పానికి 2002లో హెచ్‌పీ కంపెనీ 'ఐ-కమ్యూనిటీ' అని కంప్యూటర్ల ప్రాజెక్టు తెచ్చింది. మూడేళ్ళకు దాని గడువు ముగిసింది. దానికి కొంచెం ముందు, 1999లో, విదేశాల్లో బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన రామ్‌జీ రాఘవన్ అగస్త్య ఫౌండేషన్ మొదలుపెట్టినారు. అణుశక్తి కమిషన్ మాజీ ఛైర్మన్ పి.కె. అయ్యంగార్ తోడు నిలిచినారు. కుప్పం దగ్గర గుడివంకలో 172 ఎకరాల బీడు కొండ నేల మీద క్యాంపస్ కట్టినారు. చెట్లు పెంచినారు, నీళ్ళు నిలిపినారు. 2017లో అక్కడ రామానుజన్ గణిత పార్కు కూడా వచ్చింది.

అయితే అగస్త్య అసలు బలం కట్టడాల్లో లేదు, సంచార ల్యాబుల్లో ఉంది. వ్యాన్లో ఒక శిక్షకుడు సామానుతో బడికి వస్తాడు. ఖాళీ సీసా, బెలూను, అద్దం ముక్క, అయస్కాంతం. ముందు జవాబు చెప్పడు, ప్రశ్న అడుగుతాడు. "గ్లాసు తలకిందులు చేస్తే నీళ్ళు కారతాయా, కారవా?" పిల్లలు పందెం వేసుకుంటారు. తర్వాత వాళ్ళే చేసి చూస్తారు. సైన్సు మేళా రోజు పిల్లలే మిగతా పిల్లలకు చెప్తారు. చుట్టుపక్కల పల్లెల్లో 'ఆపరేషన్ వసంత' పేరుతో ఊరి వలంటీర్లే రాత్రి బడులు కూడా నడిపినారు.

ఇంకో మాట కూడా అనుకోవాల. వ్యాన్ వచ్చిపోతుంది. సైన్సు టీచరు పోస్టు ఖాళీగా ఉంటే వ్యాన్ దాన్ని నింపలేదు. పోస్టులు అడిగే పని మనం ఆపకూడదు.

మరి మనం యాడ?

జిల్లా దాటి కొంచెం పెద్దగా చూద్దాం. ప్రభుత్వ పుస్తకాల్లో మన తాతల పేర్లు ఎక్కింది సైన్సు కింద కాదు, నేరం కింద. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. ఎరుకల కుటుంబాలు దాని కింద నలిగిపోయినాయి. దేశమంతటా అది పోయింది 1952లో గానీ కాదు. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట యానాదులు బతికిన దీవి. 1969లో ఆ తావును ఎంపిక చేసినాక వాళ్ళే ఇళ్ళు కదిలించుకోవాల్సి వచ్చింది.

కానీ దారి లేకపోలేదు. మహాబలిపురం దగ్గర 1978లో ఇరుళర్లు పాములు పట్టే సహకార సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు తీసే విషంతో పాముకాటు మందు తయారవుతుంది. ఆ సమాజానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సదయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. తాతల విద్య సైన్సుగా గుర్తింపు పొందిన తీరు ఇది.

మన ఇళ్ళలోనూ అట్లాంటి విద్య ఉంది. పొలంలో ఎలకలు పట్టే యానాది పెద్దాయన ఏం చేస్తాడు? బొక్కకు ఎన్ని దారులు ఉండాయో చూస్తాడు. కొన్ని మూస్తాడు. కుండకు చిల్లు పెట్టి, లోపల గడ్డి రాజేసి, పొగను ఊదుతాడు. పొగ ఏ దారిలో వస్తుందో ముందే అంచనా వేస్తాడు. అంచనా తప్పితే మార్చుకుంటాడు. పరిశీలన, ఊహ, పరీక్ష మూడూ అందులో ఉండాయి. గాలి ఒత్తిడి పాఠానికి అంతకంటే మంచి ప్రయోగం ఉందా? ఎరుకల అవ్వ అల్లే బుట్టలో, సుగాలి అమ్మ కుట్టే అద్దాల పనిలో ఉన్న లెక్కలు గణిత పార్కులో పెట్టదగినవి కాదా?

అందుకే చెప్తున్నాం. సైన్సు శిక్షకుడు, పక్షుల గైడు, పల్లెబడి టీచరు, ఇవి కూడా ఉద్యోగాలే. గ్రూప్స్, పోలీసు, బ్యాంకు పరీక్షలు రాయండి, వద్దనం. కానీ డిగ్రీ అయినాక ఈ తలుపు కూడా తట్టండి. సెలవుల్లో కాలనీకో, తండాకో పోయినప్పుడు పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఒక గ్లాసు, ఒక అట్టముక్క, కొన్ని నీళ్ళతో మొదలుపెట్టండి. మన పెద్దోళ్ళకు తెలిసిన చెట్టు, పిట్ట, పురుగు పేర్లు వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టండి. ఆ పేర్లు వాళ్ళతోనే పోతే ఏ వ్యానూ తిరిగి తేలేదు.

రేపు వ్యాన్ మన తండాకు వచ్చినప్పుడు అందులో నుంచి దిగే శిక్షకుడు మనోడై ఉండాల, శిక్షకురాలు మన చెల్లెలై ఉండాల.

చదివినోళ్ళు హాస్టల్ తమ్ముళ్ళకు కూడా చదివి వినిపించండి.

జై ఆదివాసీ.