శాలగ్రామ శిల: సాగరగర్భం నుండి పూజాపీఠానికి

శ్రీమహావిష్ణువును అర్చించే మూర్తులలో శాలగ్రామానిది విశిష్ట స్థానం. దానిని శిల్పి మలచడు. దానికి ప్రాణప్రతిష్ఠ అవసరం లేదు. అది స్వయంవ్యక్తం. నేపాల దేశంలోని ముక్తినాథ క్షేత్ర ప్రాంతాన ప్రవహించే కాళీగండకి దానికి జన్మస్థానమని ప్రసిద్ధి. వజ్రకీటమనే పురుగు శిలను తొలిచి చక్రాలను ఏర్పరచిందని పురాణగాథ. ఆ శిలకు భూగర్భశాస్త్రం చెప్పే చరిత్ర కూడా ఆస్తికులు తెలుసుకొనదగినదే.

సుమారు 15 కోట్ల సంవత్సరాల క్రితం, జురాసిక్ యుగంలో, నేటి హిమాలయాల స్థానంలో ఒక మహాసముద్రం ఉండేది. 1893లో ఎడ్వర్డ్ స్యూస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దానికి ‘టెథిస్’ అని నామకరణం చేశాడు. అందులో చుట్టచుట్టుకొన్న గుల్లలు గల అమ్మోనైట్లనే ప్రాణులు సంచరించేవి. అవి మరణించగా గుల్లలు అడుగున నల్లని బురదలో కూరుకుపోయేవి. వాటి చుట్టూ ఖనిజద్రవ్యాలు చేరి గట్టి ఉండలయ్యాయి. బురద పొరలు పొరలుగా పేరుకొని మెత్తని రాయి అయింది. గుల్ల చుట్టలు, వాటిపై గీతలు ఆ ఉండలలో అచ్చుపడ్డాయి. మనం చక్రమని సేవించే చిహ్నం ఆ అచ్చే. కొన్నింటిలో కనిపించే బంగారు మెరుపు పైరైట్ అనే ఖనిజానిది.

సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం భారత భూఖండం ఉత్తరదిశగా జరిగి ఆసియాను ఢీకొన్నది. తత్ఫలితంగా సముద్రతలమే క్రమక్రమంగా పర్వతమై లేచింది. 8,167 మీటర్ల ధవళగిరికీ, 8,091 మీటర్ల అన్నపూర్ణకూ నడుమ గండకి అగాధమైన లోయను కోసింది. మంచు, వర్షం, ప్రవాహం మెత్తని రాతిని అరగదీయగా, గట్టి ఉండలు విడివడి, నదిలో దొర్లి నునుపెక్కాయి. అవే శాలగ్రామాలు.

అయితే మనం పూజించేది ఒక మృతప్రాణి అవశేషాన్నేనా? ఈ శంకకు సమాధానం శంకర భగవత్పాదుల బ్రహ్మసూత్ర భాష్యంలో లభిస్తుంది. సర్వవ్యాపి అయిన పరమాత్మను అల్పమైన హృదయస్థానంలో ఉపాసించడం ఎలా కుదురుతుందన్న విచారంలో, శాలగ్రామంలో హరిని ధ్యానించడాన్ని ఆచార్యులు దృష్టాంతంగా చూపారు. హరి శిలకు పరిమితుడని కాదు. సాధకుని చిత్తం నిలవడానికి శిల ఆలంబనమని భావం. ఆ శిల పుట్టుక ఏదైనా ఈ దృష్టాంతానికి హాని లేదు. కనుక పురాణగాథను భూగర్భశాస్త్రంగా నిరూపించబూనడమూ అనవసరం, శాస్త్రం చెప్పినదానికి భయపడి అర్చన మానడమూ అనవసరం.

పైగా ఈ చరిత్ర నిత్యానిత్య వివేకానికి తోడ్పడుతుంది. పర్వతానికి ‘అచలం’ అని పేరు. కాని సముద్రగర్భం నుండి లేచిన ఆ అచలమే నేడు ఇసుకగా అరిగి, గండకి వెంట గంగలో కలిసి, తిరిగి సముద్రాన్ని చేరుతున్నది. శాలగ్రామ తీర్థం స్వీకరించే సాధకుడు, ఈ మార్పులన్నిటికీ అధిష్ఠానమై తాను మారనిది ఏదో విచారించుగాక. అర్చన ఉద్దేశించినది దానినే.