మోంత్రేయ్

మోంత్రేయ్ ఫ్రాన్స్‌లో పారిస్ తూర్పు సరిహద్దును ఆనుకొని ఉన్న శివారు పట్టణం. సెన్-సెన్‌దెనీ జిల్లాలోని ఈ పట్టణ జనాభా లక్షకు పైనే.

చరిత్ర: 17వ శతాబ్దం నుంచి ఇక్కడ పీచ్ పండ్ల సాగు పేరుకెక్కింది. స్థానిక గనుల్లో దొరికే జిప్సంతో పూత పూసిన ఎత్తైన గోడలు పగటి ఎండను పీల్చుకొని రాత్రి వేడిని వదిలేవి. గుడ్డపీలికలతో కొమ్మలను గోడకు కట్టి పెంచేవారు. దాంతో చలి ప్రాంతంలోనూ పండ్లు బాగా పండేవి. 19వ శతాబ్దంలో ఈ గోడల మొత్తం పొడవు సుమారు 600 కిలోమీటర్లు. రైళ్లలో దక్షిణాది పండ్లు రావడంతో సాగు తగ్గింది. తోటల స్థానంలో కర్మాగారాలు, ఇళ్లు వెలిశాయి. మిగిలిన గోడల్లో కొంత భాగానికి 2003లో ప్రభుత్వ రక్షణ లభించింది. 1937లో పారిస్ మెట్రో 9వ మార్గం పట్టణం నడిబొడ్డుకు చేరింది.

సినిమా: కదిలే బొమ్మల ప్రదర్శనకు ఆద్యుడైన ఎమిల్ రేనో 1844లో ఇక్కడే జన్మించాడు. జార్జ్ మెలియెస్ 1897లో తన కుటుంబ స్థలంలో అద్దాల స్టూడియో కట్టించి, 1902 నాటి చంద్రయాన చిత్రాన్ని అందులోనే తీశాడు. 1920లలో రష్యా నుంచి వలస వచ్చిన కళాకారుల ఆల్బట్రోస్ సంస్థ ఇక్కడ పాతే సంస్థకు చెందిన పాత స్టూడియోలో చిత్రాలు నిర్మించింది.

సాంస్కృతిక జీవనం: ఆరు తెరల పురపాలక సినిమాహాలుకు మెలియెస్ పేరు పెట్టారు. 1980ల నుంచి ఏటా బాలసాహిత్య పుస్తక ప్రదర్శన జరుగుతోంది. శ్రామికోద్యమాలను చూపే సజీవ చరిత్ర మ్యూజియం 1939లో ఆరంభమైంది. మాలి దేశం నుంచి వలస వచ్చినవారు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు.