తాండూరు తండాకి, శేరిలింగంపల్లి హాస్టల్‌కి ఒకే ఎంపీ ఎట్లా అయ్యాడు? చేవెళ్ల సీటు కథ, అందులో మన లెక్క

పోస్టు పెద్దగుంది, ఓపికతో చదవండి.

2024 మే 13న పార్లమెంటు ఎన్నికలకి నేను మొదటిసారి ఓటేసిన. శేరిలింగంపల్లిలో హాస్టల్, ఓటేమో తాండూరు దగ్గర మా తండాలో. లింగంపల్లి స్టేషన్‌లో రైలెక్కి శంకర్‌పల్లి, వికారాబాద్ దాటి తాండూరులో దిగినంక గోడల మీద చూస్తే, చందానగర్‌లో పొద్దున చూసిన అభ్యర్థుల ఫొటోలే. అంత దూరం వచ్చినా పార్లమెంటు సీటు మారలేదు. అక్కడా చేవెళ్లే, ఇక్కడా చేవెళ్లే. ఐటీ టవర్ల మధ్య ఉన్న మియాపూర్‌కీ, కంది పండించే మా తండాకీ ఒక్కడే ఎంపీ.

ఇంటికి పోయి తాతతో ఈ ముచ్చట చెప్తే నవ్విండు. "మా కాలంల మన ఎంపీ చార్మినార్ కాడ ఉండేటోడు" అన్నాడు. ముందు నమ్మలేదు. తర్వాత లైబ్రరీలో పాత ఎన్నికల వివరాలు చూస్తే తాత చెప్పింది నిజమే. అక్కడి నుంచి నేను తెలుసుకున్నది మీకు చెప్తున్నా.

హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడు, 1952 మొదటి ఎన్నికల్లో మా వైపు వికారాబాద్ పేరుతోనే ఒక లోక్‌సభ సీటు ఉండేది. 1957లో అక్కడి నుంచి సంగం లక్ష్మీబాయి గెలిచారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకి పోయిన మహిళ ఆమె. 1962 ఎన్నికల నాటికి ఆ సీటు లేదు, ఆమె మెదక్ నుంచి పోటీ చేశారు. తర్వాత చాలా ఏండ్లు తాండూరు, వికారాబాద్, చేవెళ్ల అసెంబ్లీ సీట్లు హైదరాబాద్ లోక్‌సభలో భాగం. కార్వాన్, చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురాతో కలిపి మొత్తం ఏడు. 1984 నుంచి ఆరుసార్లు సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ, 2004లో అసదుద్దీన్ ఒవైసీ గెలిచారు. తాత చెప్పిన ఎంపీ వీళ్లే. పాతబస్తీ ఓట్ల ముందు మా ఊర్ల ఓట్లు ఎంత?

ఇక శేరిలింగంపల్లి సంగతి. 2008 దాకా దీనికి సొంత అసెంబ్లీ సీటు కూడా లేదు. ఇది ఖైరతాబాద్ అసెంబ్లీలో భాగం, ఖైరతాబాదేమో సికింద్రాబాద్ లోక్‌సభలో ఉండేది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైనంక ఈ వైపు జనం పెరగడం మొదలైంది. ఖైరతాబాద్ దేశంలోనే పెద్ద అసెంబ్లీ సీట్లలో ఒకటయ్యింది. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ కూడా జీహెచ్ఎంసీలో కలిసింది. అంటే నేను పుట్టినప్పుడు మా తండాది ఒక ఎంపీ, ఇప్పుడు నేను ఉంటున్న చోటుది ఇంకో ఎంపీ.

మరి రెండూ ఎప్పుడు కలిసినయ్? 2008లో.

దానికి ముందు ఒక చిన్న వివరణ. సీట్ల హద్దులు మార్చడాన్ని డీలిమిటేషన్, మన భాషలో నియోజకవర్గాల పునర్విభజన అంటారు. 1976లో ఎమర్జెన్సీ టైంలో 42వ రాజ్యాంగ సవరణ తెచ్చి 1971 జనాభా లెక్క మీదే సీట్లను ఆపేశారు. కుటుంబ నియంత్రణ బాగా చేసిన రాష్ట్రాలకి సీట్లు తగ్గొద్దని కారణం చెప్పారు. తర్వాత 84వ సవరణతో ఆ ఆపుడును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించారు. కానీ 87వ సవరణతో ఒక పని చేశారు. రాష్ట్రానికి మొత్తం సీట్లు మారవు, లోపలి హద్దులు మాత్రం 2001 జనాభా ప్రకారం మళ్లీ గీయొచ్చు అన్నారు. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ ఆ పని చేసింది. 2008 ఫిబ్రవరి నుంచి కొత్త హద్దులు అమల్లోకి వచ్చాయి.

అప్పుడు పుట్టిందే చేవెళ్ల లోక్‌సభ. మహేశ్వరం, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి, చేవెళ్ల, పరిగి, వికారాబాద్, తాండూరు. ఏడు అసెంబ్లీ సీట్లు. 2009లో ఎస్.జైపాల్ రెడ్డి, 2014లో కొండా విశ్వేశ్వర్ రెడ్డి, 2019లో గడ్డం రంజిత్ రెడ్డి, 2024లో మళ్లీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి గెలిచారు. పార్టీలు మారినయ్, గీత మాత్రం అదే.

ఈ ఏడింటిలో వికారాబాద్, చేవెళ్ల ఎస్సీ సీట్లు. చేవెళ్ల 2008లోనే ఎస్సీకి మారింది, అందుకే అక్కడ గెలుస్తూ వచ్చిన సబితా ఇంద్రారెడ్డి 2009లో మహేశ్వరం పోవాల్సి వచ్చింది. హద్దు, రిజర్వేషన్ మారితే మంత్రులు కూడా ఊరు మారాల్సిందే. ఎస్టీ సీటు మాత్రం ఈ ఏడింటిలో ఒక్కటీ లేదు. తాండూరు, పరిగి వైపు ఎన్ని తండాలున్నాయో ఆ వైపు వాళ్లకి తెలుసు. శేరిలింగంపల్లిలో కూడా గోపన్‌పల్లి తండా ఉంది, ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు. మరి ఎందుకు లేదు?

2002 డీలిమిటేషన్ చట్టంలో ఉంది జవాబు. ఎస్సీ సీట్లను రాష్ట్రంలో వేర్వేరు చోట్ల పంచాలి అని ఉంది. ఎస్టీ సీట్లకి ఆ మాట లేదు. జనాభాలో ఎస్టీల శాతం అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోటే పెట్టాలి. అందుకే మన సీట్లు ఏజెన్సీ వైపు ఒకచోట చేరుతాయి. మైదాన ప్రాంతంలో చెల్లాచెదురుగా ఉన్న తండాలు ఎప్పుడూ జనరల్ సీట్లో ఒక మూలకి ఉంటాయి. ఇది ఎవరి కుట్రో కాదు, లెక్క కట్టే పద్ధతే అట్లుంది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. నా రూమ్మేట్‌ది భద్రాచలం అవతల. ఒకప్పుడు భద్రాచలం పేరుతోనే ఎస్టీ లోక్‌సభ సీటు ఉండేది. ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరి, విశాఖ మన్యం దాకా, చింతపల్లి, పాడేరు కూడా అందులోనే. చివరి ఎంపీ మిడియం బాబూరావు, 2004లో గెలిచారు. 2008లో ఆ సీటూ, పార్వతీపురం ఎస్టీ సీటూ పోయి ఆదిలాబాద్, మహబూబాబాద్, అరకు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీ ఎంపీలు ఇద్దరి నుంచి ముగ్గురయ్యారు, ఎస్టీ ఎమ్మెల్యేలు 15 నుంచి 19కి పెరిగారు. భద్రాచలం అసెంబ్లీ మహబూబాబాద్ లోక్‌సభలోకి పోయింది. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వీఆర్ పురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చేశారు. ఒకే గోదావరి ఒడ్డున చుట్టాలు రెండు రాష్ట్రాలయ్యారు.

ఫలితం చూడండి. 2023 అసెంబ్లీ ఎన్నికల నాటికి తెలంగాణలో అందరికంటే ఎక్కువ ఓటర్లున్న సీటు శేరిలింగంపల్లి, 7 లక్షల 30 వేలకు పైనే. అందరికంటే తక్కువ భద్రాచలం, లక్షన్నర లోపు. ఇద్దరికీ ఒక్కొక్క ఎమ్మెల్యే. ఒకటి మా హాస్టల్ ఉన్న చోటు, ఇంకొకటి మా రూమ్మేట్ ఊరు. 2008లో 2001 జనాభా ప్రకారం ఒక్కో అసెంబ్లీ సీటుకి సగటున 2 లక్షల 59 వేల మంది జనం వచ్చేటట్టు లెక్క పెట్టారు. ఇప్పుడు శేరిలింగంపల్లిలో ఓటర్లే దానికి రెండు రెట్లు దాటిపోయారు. లోక్‌సభలో కూడా అంతే. 2024లో చేవెళ్లలో సుమారు 29 లక్షల ఓటర్లు, అందులో నాలుగో వంతు శేరిలింగంపల్లి వాళ్లే. మహబూబాబాద్‌లో 15 లక్షల పైచిలుకు.

దీన్ని చూసి సిటీ దోస్తులు "మీ ఓటుకి విలువ ఎక్కువ" అంటారు. లెక్కలో నిజమే. కానీ భద్రాచలం ఎమ్మెల్యేని కలవాలంటే గుంపు నుంచి ఎన్ని వాగులు దాటాలో కూడా లెక్కలో వేయాలి కదా.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఆపుడు 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకానే. 2027 మార్చి 1 లెక్క తేదీగా జనగణన ప్రకటించారు. దాని తర్వాత హద్దులు మళ్లీ గీస్తారు. సీట్లు సిటీ వైపు పెరుగుతాయని అందరూ అనుకుంటున్నదే. మరి మన సీట్లు?

రాష్ట్ర జనాభాలో ఎస్టీల వాటా ఎంతో, సీట్లలో దాదాపు అంత వాటా ఇవ్వాలని రాజ్యాంగం 330వ అధికరణం చెప్తుంది. 2001లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీలు సుమారు 6.6 శాతం. 42 సీట్లలో అది 2.77, అంటే 3. 2011 లెక్కలో తెలంగాణలో ఎస్టీలు సుమారు 31.78 లక్షలు, 9.08 శాతం. 17 సీట్లలో అది 1.54, అంటే 2. ఇక్కడ ఆగి చూడండి. 1.5 కంటే కొంచెమే ఎక్కువ. వాటా 8.82 శాతం కంటే కిందికి పోతే అదే లెక్కలో 2 కాస్తా 1 అవుతుంది. ఆ తేడా మనుషుల్లో చెప్పాలంటే సుమారు 90 వేల మంది. మొత్తం సీట్ల సంఖ్య మారితే లెక్క కూడా మారుతుంది, అది వేరే సంగతి. కానీ ఎంత సన్నని గీత మీద నిలబడ్డామో చెప్పడానికి ఇది చాలు.

బయటి రాష్ట్రాల నుంచి హైదరాబాద్‌కి జనం వస్తున్నకొద్దీ మొత్తం జనాభా పెరుగుతుంది, మన వాటా తగ్గే వీలుంది. దాన్ని మనం ఆపలేం. మన చేతిలో ఉన్నది ఒక్కటే, మనం ఒక్కరం కూడా తప్పిపోకుండా, మన తెగ పేరుతో లెక్కలోకి రావడం.

మా పెద్దనాన్న కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. సెల్లార్‌లో గది. "పోయినసారి జనాభా లెక్కలోళ్లు వచ్చిండ్రా పెద్దబాపు?" అంటే "పైన ఫ్లాట్లకి వచ్చిండ్రు, నన్నెవరు అడుగుతరు బేటా" అన్నాడు. ఊర్లో రాశారా అంటే తెలియదు. అంటే ఆయన రెండు చోట్లా లేకపోయి ఉండొచ్చు. ఈ కారిడార్‌లో బిల్డింగ్ పనుల కాడ గుడిసెల్లో ఉన్న మనోళ్లు ఎంతమందో ఆలోచించండి. తెలంగాణ లంబాడీలు 1976 చట్టంతో గానీ ఎస్టీ జాబితాలోకి రాలేదు. అంతకు ముందు లెక్కలో మా ముత్తాతలు మనుషులే గానీ ఎస్టీలు కాదు. జాబితాలోకి వచ్చినంక కూడా కాగితం మీదికి రాకపోతే ఎట్లా?

(ఎస్టీల లోపల ఎవరికి ఎంత అనే చర్చ గ్రూపులో ఉంది. ఈ పోస్టులో దాన్ని ఎత్తడం లేదు. మొత్తమే తగ్గితే పంచుకోవడానికేముంటది?)

చేయగలిగినవి నాలుగు:

1. లెక్క రాసేవాళ్లు వచ్చినప్పుడు ఎస్టీ అని మాత్రమే కాదు, తెగ పేరు కూడా చెప్పి రాయించుకోవాలి. మతం ఏదైనా ఎస్టీ ఎస్టీయే.

2. సిటీలో ఉన్న అమ్మానాన్నలకి, వాచ్‌మన్లకి, కూలీలకి ముందే చెప్పాలి. ఇక్కడ లెక్కలోకి వస్తే రాష్ట్రంలో మన వాటాకి పనికొస్తుంది. తండాలో మన శాతానికి మాత్రం రాదు. ఏదైనా సరే, రెండు చోట్లా తప్పిపోవడం కంటే నయం.

3. హాస్టల్ విద్యార్థులు ఓటు ఊర్లో ఉంచుకోవచ్చు, హాస్టల్ అడ్రస్ మీద కూడా పెట్టుకోవచ్చు, ఒక్కచోటే. మార్చుకోవాలంటే ఫారం 8.

4. 2002 చట్టం ప్రకారం కమిషన్ ముసాయిదాని గెజిట్‌లో పెట్టి, అభ్యంతరాలు తీసుకొని, బహిరంగ సమావేశాలు పెట్టాలి. రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా ఉంటారు, వాళ్లకి ఓటు లేదు. రేపు వచ్చే చట్టంలో కూడా ఇట్లాంటిది ఉంటే మన తండా, గూడెం పేర్లు రాసి అర్జీ పెట్టాలి. చివరి ఆర్డర్ అచ్చయితే అది చట్టంతో సమానం, తర్వాత మొత్తుకుంటే లాభం లేదు.

నేను ఈసారి కూడా ఓటు తండాలోనే ఉంచుకుంటున్నా. పెద్దనాన్నకి మాత్రం చెప్పిన, లెక్కలోళ్లు వస్తే సెల్లార్‌లో కూర్చోకుండా గేటు కాడనే నిలబడమని.

మీ ఊరు 2009కి ముందు ఏ లోక్‌సభ కింద ఉండేదో ఇంట్లో పెద్దల్ని అడిగి రాయండి. అందరివీ కలిపి ఒక పట్టిక చేద్దాం, రేపు అర్జీలకి పనికొస్తుంది. నేను రాసిన దాంట్లో తప్పుంటే చెప్పండి, సరిచేస్తా.