మినారుల మీద గంటలు: అండలూసియా చర్చిల కథ

స్పెయిన్ నైరుతి మూలన, వెల్వా కొండల్లో, అల్మొనాస్టర్ లా రియల్ అనే చిన్న ఊరుంది. ఊరి పైన గుట్ట మీద పదో శతాబ్దపు మసీదు ఒకటి నిలిచి ఉంది. దాన్ని కట్టినవాళ్లు కొత్తగా రాళ్లు చెక్కించే శ్రమ పెద్దగా పడలేదు. అక్కడే పడి ఉన్న రోమన్ల స్తంభాలను, విసిగోతుల కాలంనాటి చర్చి రాళ్లను తెచ్చి నిలబెట్టారు. పదమూడో శతాబ్దంలో ఆ ప్రాంతం క్రైస్తవుల చేతికి వచ్చాక వాళ్లూ మసీదును కూల్చలేదు. కాస్త మార్చి చర్చిగా వాడుకున్నారు. మక్కా దిక్కును చూపే మిహ్రాబ్ గూడు ఇప్పటికీ గోడలో అలాగే ఉంది. ఇటుకలు బయటపడి, నాలుగు అడుగులు వేస్తే చుట్టివచ్చేంత చిన్న కట్టడం ఇది. అయినా దక్షిణ స్పెయిన్ చర్చిల చరిత్ర చదవడానికి ఇంతకంటే మంచి మొదటి పేజీ నాకు కనిపించలేదు. అండలూసియాలో పాత చర్చి దగ్గర అడగవలసిన మొదటి ప్రశ్న ఎప్పుడు కట్టారన్నది కాదు. అంతకుముందు అక్కడ ఏముండేది, అందులో ఏది ఉంచుకున్నారు, ఏది పడగొట్టారు అన్నదే అడగాలి.

ఆ ప్రశ్నకు అతి పెద్ద జవాబు కోర్డోబాలో ఉంది. మొదటి అబ్దుర్ రహ్మాన్ 785 ప్రాంతంలో మొదలుపెట్టిన మహా మసీదును తర్వాతి పాలకులు రెండు వందల ఏళ్లపాటు పెంచుతూ పోయారు. రాతి స్తంభాలు పొట్టివి కావడంతో వాటిపైన ఒకదాని మీద ఒకటిగా రెండు వరుసల కమానులు వేసి కప్పును ఎత్తారు. ఎర్ర ఇటుక, తెల్ల రాయి మార్చి మార్చి పేర్చిన ఆ కమానులే ఇప్పుడు లోకమంతా ఎరిగిన కోర్డోబా. 1236లో కాస్టీల్ రాజు మూడో ఫెర్డినాండ్ నగరాన్ని గెలిచాడు. మసీదును వెంటనే చర్చిగా ప్రతిష్ఠించారు గాని, కట్టడం జోలికి పెద్దగా పోలేదు. మూలల్లో పూజాపీఠాలు వెలిశాయి, గోడల వెంట చిన్న చాపెళ్లు వచ్చాయి. 1371లో పూర్తయిన రాజవంశపు చాపెల్‌ను కూడా అరబ్బు పద్ధతి గచ్చు నగిషీలతోనే అలంకరించారు. గెలిచినవాళ్లకు ఓడినవాళ్ల పనితనం అంతగా నచ్చింది.

దాదాపు మూడు వందల ఏళ్లు అలా గడిచాక, 1523లో బిషప్ అలోన్సో మన్రీకే మసీదు నడిబొడ్డున కొత్త కథీడ్రల్ లేపడానికి పూనుకున్నాడు. నగర పాలక మండలి ఎదురు తిరిగింది. కూల్చివేతలో పాలుపంచుకున్న పనివాళ్లకు మరణశిక్ష తప్పదని చాటించింది. తమ ఊరి మసీదు కోసం ఒక క్రైస్తవ నగరం అంత మాట అన్నదంటే అభిమానం ఏపాటిదో తెలుస్తుంది. తగువు చక్రవర్తి ఐదో చార్లెస్ దాకా వెళ్లింది. ఆయన బిషప్ పక్షాన నిలిచాడు. ఎర్నాన్ రూయిస్ కుటుంబంలో మూడు తరాల వాస్తుశిల్పులు పనిచేసిన ఆ కట్టడం 1607లో గాని ముగియలేదు. విడిగా చూస్తే అది గొప్ప కట్టడమే. అయితే మసీదును మసీదుగానే ఉంచి ప్రార్థించుకున్న ఆ మూడు వందల ఏళ్లే మేలైన పరిష్కారమని నాకు అనిపిస్తుంది.

1248లో క్రైస్తవుల చేతికి వచ్చిన సెవిల్ మరో దారి పట్టింది. ఇక్కడి పెద్ద మసీదు నూటయాభై ఏళ్లు కథీడ్రల్‌గా నడిచింది. 1401లో చర్చి పెద్దలు దాన్ని తీసేసి మహా గోథిక్ కథీడ్రల్ కట్టాలని తీర్మానించారు. ఆ పని 1506 వరకు సాగింది. పాత మసీదులో మిగిలినవి ముఖ్యంగా రెండు: నారింజ చెట్ల ముంగిలి, 1198లో పూర్తయిన మినారు. ఆ మినారు మీద 1558 నుంచి పదేళ్లలో రెండో ఎర్నాన్ రూయిస్ గంటల అంతస్తులు లేపి, పైన గాలికి తిరిగే కంచు విగ్రహం నిలిపాడు. హిరాల్డా గోపురమంటే ఇదే. ముల్లాలు ఎక్కిన వాలు దారిలోనే ఇవాళ్టి యాత్రికులూ ఎక్కుతారు, అందులో మెట్లుండవు.

కథీడ్రల్ చూసి వెనుదిరిగేవాళ్లు సెవిల్ పేటల్లోని పారిష్ చర్చిలను వదిలేస్తారు. అది పెద్ద లోటు. సాన్ మార్కోస్, సాంతా కతలీనా, ఓమ్నియుమ్ సాంక్తోరుమ్ వంటివి పద్నాలుగో శతాబ్దపు ముదేహార్ పద్ధతికి చక్కని నమూనాలు. క్రైస్తవ పాలన కింద ఉండిపోయిన ముస్లింలను ముదేహార్లు అనేవారు. ఇటుక, చెక్క, గచ్చు పనుల్లో వాళ్లదీ, వాళ్ల దగ్గర పని నేర్చిన క్రైస్తవులదీ అందెవేసిన చేయి. ద్వారం గోథిక్, గంటల గోపురం మినారు పోలిక, లోపల చెక్క దూలాలతో అల్లిన కప్పు. వేర్వేరు లోకాలు ఒకే గోడలో పొసగడం చూడాలంటే ఈ చర్చిలకే వెళ్లాలి.

కాన్వెంట్ల కథ వేరు. రాజులు, ప్రభువులు కొత్తగా గెలిచిన ఊళ్లలో మఠాలకు భూములిచ్చి పాతుకుపోయారు. అక్కడే సమాధి స్థలం ఏర్పరచుకున్నారు, కూతుళ్లను సన్యాసినులుగా పంపారు. 1337లో మొదలైన మొగేర్ ఊరి సాంతా క్లారా అటువంటిదే. తుపానులో మొక్కుకున్న మొక్కు తీర్చుకోవడానికి కొలంబస్ 1493లో తిరిగి వచ్చాక అక్కడ రాత్రంతా జాగారం చేశాడు. పక్కనే పాలోస్ రేవు ఉంది. కొలంబస్‌కు ఓడలు సమకూర్చాలన్న రాజాజ్ఞను 1492 మే 23న చదివి వినిపించింది అక్కడి సాన్ హోర్హె చర్చిలోనే.

సెవిల్ శివార్లలో, రోమన్ నగరం ఇతాలికా శిథిలాల చెంత, సాన్ ఇసిదోరో దెల్ కాంపో మఠం ఉంది. 1301లో గుస్మాన్ ఎల్ బుయెనో అనే ప్రభువు దీన్ని స్థాపించాడు. యాత్రికులు అక్కడ మార్తీనెస్ మొంతాన్యెస్ చెక్కిన బలిపీఠపు శిల్పాల కోసం ఆగుతారు. నేనైతే మరో సంగతి కోసం ఆగమంటాను. పదహారో శతాబ్దపు నడుమ ఇక్కడి సన్యాసులు కొందరు నిషిద్ధమైన ప్రొటెస్టెంట్ పుస్తకాలు రహస్యంగా చదివారు. ఇంక్విజిషన్ విచారణకు దొరక్కుండా 1557లో దేశం దాటిపోయారు. వాళ్లలో కసియోదోరో దె రీనా 1569లో బాసెల్‌లో మొత్తం బైబిలును స్పానిష్‌లో అచ్చువేయించాడు. అదే మఠం నుంచి పారిపోయిన సిప్రియానో దె వలేరా దాన్ని సవరించి 1602లో మళ్లీ వెలువరించాడు. స్పానిష్ మాట్లాడే ప్రొటెస్టెంట్లు నేటికీ ఎక్కువగా చదివేది ఆ ఇద్దరి పేర్లతో ఉన్న బైబిలే.

గ్రనడా 1492లో క్రైస్తవుల చేతికి వచ్చింది. ముస్లింలు తమ మతం పాటించుకోవచ్చని ఒప్పందంలో రాసిచ్చారు. ఏడేళ్లకే సిస్నేరోస్ మతాధికారి బలవంతపు బాప్తిస్మాలు మొదలుపెట్టించాడు. అల్బయిసీన్ పేట తిరగబడింది. ఆ తర్వాత అక్కడి మసీదులు వరుసగా పారిష్ చర్చిలయ్యాయి. సాన్ సాల్వదోర్‌లో మసీదు ముంగిలి, సాన్ హోసెలో గంటల గోపురంగా మారిన మినారు ఇప్పటికీ కనిపిస్తాయి. కోర్డోబాలో ఇష్టంగా ఉంచుకున్నట్టు కాకుండా, ఇక్కడ మనుషులను వెళ్లగొట్టి గోడలను ఉంచుకున్నారు. వాటి అందం గురించి రాసేటప్పుడు ఈ మాట దాటవేయకూడదు. కింద నగరంలో గ్రనడాను గెలిచిన రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్డినాండ్ల సమాధులున్న రాజ చాపెల్ గోథిక్‌ది. దాన్ని ఆనుకున్న కథీడ్రల్‌ను 1528లో చేపట్టిన దియెగో దె సిలోయె మాత్రం ఇటలీ పద్ధతికి మళ్లించాడు. ఆ గాలి ఉబెదాకూ వీచింది. చక్రవర్తి కార్యదర్శి ఫ్రాన్సిస్కో దె లోస్ కోబోస్ తన సమాధి కోసం కట్టించుకున్న ఎల్ సాల్వదోర్ చాపెల్‌కు సిలోయె నమూనా గీశాడు. ఆంద్రెస్ దె వందెల్వీరా దాన్ని కట్టాడు. 1559లో ప్రతిష్ఠ జరిగింది.

తర్వాతి రెండు శతాబ్దాలది బరోక్ వైభవం. 1755 లిస్బన్ భూకంపం ఎసిహా ఊరి గోపురాలను దెబ్బతీసింది. ఊరివాళ్లు మరింత ఆడంబరంగా, రంగు పలకలు తాపి మళ్లీ లేపారు. ప్రియెగో దె కోర్డోబాలో అసున్సియోన్ చర్చిని ఆనుకున్న సగ్రారియో చాపెల్‌ను 1784లో పెద్రాహాస్ ముగించాడు. ఎనిమిది కోణాల ఆ గదిలో తెల్లని గచ్చు పూతీగలై గోడలెక్కింది. కాదిజ్‌లో సాంతా కుయేవా అనే నేలమాళిగ చాపెల్‌లో గుడ్ ఫ్రైడే ధ్యానం కోసం హైడన్ చేత సంగీతం రాయించుకున్నారు. పైనున్న చాపెల్‌లో గోయా చిత్రాలు మూడున్నాయి. అదే ఊళ్లో అండాకారపు సాన్ ఫెలిపె నెరి చర్చిలో ప్రతినిధుల సభ కూర్చుని 1812 రాజ్యాంగాన్ని ప్రకటించింది. స్వేచ్ఛను చాటిన ఆ పత్రమే కాథలిక్ మతం తప్ప మరొకటి కూడదని కూడా రాసింది.

పతనం అప్పటికే మొదలైంది. ఫ్రెంచి సేనాని సూల్ట్ సెవిల్‌లోని కరిదాద్ ఆసుపత్రి చర్చి నుంచి మురియ్యో చిత్రాలు ఎత్తుకుపోయాడు. 1835, 36 సంవత్సరాల్లో మెందిసాబల్ ప్రభుత్వం మఠాలను మూసి, ఆస్తులు వేలం వేసింది. సెవిల్ మెర్సెద్ మఠం చిత్రశాలగా మారింది. కార్తూహా మఠాన్ని 1841లో చార్లెస్ పిక్‌మన్ పింగాణీ కార్ఖానా చేశాడు. 1936 అంతర్యుద్ధంలో సాన్ మార్కోస్, ఓమ్నియుమ్ సాంక్తోరుమ్ కాలిపోయాయి. ఉబెదా చాపెల్ బలిపీఠంలో బెరుగెతె చెక్కిన క్రీస్తు మాత్రమే మిగిలాడు. మరమ్మతులకు ఎన్నేళ్లయినా పట్టవచ్చు. 2004లో మూతపడ్డ సాంతా కతలీనా 2018లో గాని తెరుచుకోలేదు.

నేడు పెద్ద ముప్పు మనుషులు లేకపోవడమే. సన్యాసినులు ముసలివాళ్లయ్యారు. చాలా కాన్వెంట్లలో ఆఫ్రికా నుంచి, లాటిన్ అమెరికా నుంచి, మన దేశం నుంచి వెళ్లిన యువతులే ప్రార్థన నిలబెడుతున్నారు. సెవిల్ సాంతా పౌలాలో, 1504 నాటి రంగు పలకల ద్వారం దాటాక, సన్యాసినులు తామే వండిన పండ్ల మార్మలేడ్ అమ్ముతారు. సాన్ లియాంద్రోలో గుడ్డు సొనతో చేసిన మిఠాయిలు గోడలోని చెక్క చక్రం తిరిగి మన చేతికి వస్తాయి. అమ్మేవాళ్ల మొహం కనిపించదు. కప్పు కారితే బాగుచేయించడానికి ఈ అమ్మకాల సొమ్ము ఎంతో కొంత ఆసరా. చిన్న కాన్వెంట్ల చర్చిలు చాలావరకు పూజ వేళల్లోనే తెరుస్తారు గనుక, వెళ్లేవాళ్లు ఉదయపు పూజ సమయం ముందే కనుక్కుని, పూజ ముగిసేదాకా వెనక బెంచీలో కూర్చుని, ఆ తర్వాత చుట్టూ చూసి, మిఠాయి పెట్టె ఒకటి కొనుక్కుని రావడం మంచిది.