చూసే కన్ను, కదిలే కాలు

అరకు కొండల్లో థింసా నేర్పే మద్రసా లేదు, కితాబ్ లేదు. పెళ్ళిళ్ళలో, చైత్ర పండుగలో తుడుము, మోరి మోగగానే ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసి వరస కడతారు. పిల్లలు పక్కన నిలబడి చూస్తారు. వాళ్ళ తాలీమ్ అక్కడే మొదలు.

చూడటానికీ చేయడానికీ రిష్తా ఏమిటి? ప్రశ్న పాతదే. 965లో బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్-హైసమ్ 'కితాబుల్ మనాజిర్'లో ఒక మాట చెప్పారు: కంటికి నేరుగా అందేవి వెలుగూ రంగూ మాత్రమే, మిగతాది పాత తజుర్బాతో పోల్చుకుని లోపలి అకల్ గుర్తుపడుతుంది.

ఆ తజుర్బా కాళ్ళదీ చేతులదీ అయితే? 1992లో ఇటలీలోని పార్మాలో రిజొలాట్టి బృందం కోతి దిమాగ్‌లో కొన్ని నాడీకణాలను గమనించింది. కోతి తాను తిండి అందుకున్నా, మనిషి అందుకోవడం చూసినా అవే స్పందించాయి. వాటి మతలబ్ మీద బహస్ ఇంకా నడుస్తూనే ఉంది. 2005లో లండన్‌లో బ్యాలే, కపొయెరా కళాకారులకి రెండింటి వీడియోలూ చూపిస్తూ స్కాన్ తీశారు. తమకొచ్చిన విద్యని చూసినప్పుడు, ఒళ్ళు కదపకుండానే, హర్కత్‌ని నడిపే భాగాలు ఎక్కువ చురుకయ్యాయి.

అంటే చేసినవాళ్ళ నజర్ వేరు. బడి చదువు లేదని కొండవాళ్ళని జాహిల్ అనేవాళ్ళు మన ఇళ్ళలోనూ ఉన్నారు. మరి మన పిల్లలు రుకూ నేర్చింది కితాబ్ చదివా, అబ్బాజాన్ పక్కన నిలబడా? కాగితం ఎక్కని ఇల్మ్ కూడా ఇల్మే.